తొడ ధమని రంధ్రాన్ని కుట్టే పరికరం: పేటెంట్ పరీక్షలో నిలబడేలా దరఖాస్తు రాయడం

యాంజియోగ్రామ్‌కో స్టెంటుకో తొడ దగ్గర ధమనికి పెట్టిన రంధ్రాన్ని దారంతో కుట్టి మూసే పరికరం మీద పేటెంట్ వేయాలనుకునేవాళ్ల కోసం ఈ వ్యాసం. నెల్లూరు, ఒంగోలు క్యాథ్ ల్యాబ్‌లలో (రక్తనాళాల్లోకి గొట్టాలు పంపి గుండె పరీక్షలు, చికిత్సలు చేసే గదులు) పనిచేసే డాక్టర్లు, టెక్నీషియన్లు, కావలి నుంచి మార్కాపురం దాకా ఇంజినీరింగ్ కాలేజీల్లో వైద్య పరికరాల ప్రాజెక్టులు చేసే పిల్లలు, వాళ్లకు భాగాలు చేసిపెట్టే లేత్ పనివాళ్లు, అందరి దగ్గరా మంచి ఆలోచనలున్నాయి. అవి పేటెంట్ ఆఫీసులో దెబ్బతినేది ఎక్కువగా ఒకే కారణంతో. దరఖాస్తు వేసిన రోజున రాయని విషయాన్ని తర్వాత చేర్చడానికి చట్టం ఒప్పుకోదు. ఎగ్జామినర్ (దరఖాస్తును పరీక్షించే పేటెంట్ ఆఫీసు అధికారి) అభ్యంతరం పంపాక జవాబుకు కావలసిన ప్రతి భాగం పేరు, ప్రతి అంకె, ప్రతి బొమ్మ మొదటిరోజు కాగితాల్లో ఉండి తీరాలి. ఆ కాగితాలను ఎలా నింపాలో, నింపాక పరీక్షలో వాటిని ఎలా వాడుకోవాలో కింద చెబుతున్నాం.

పరికరాన్ని భాగాలుగా విడగొట్టండి

1953లో స్వీడన్ డాక్టరు సెల్డింగర్ చూపిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. సూదితో ధమనిని గుచ్చి, గైడ్‌వైరు (దారి చూపే సన్నని తీగ) పంపి, దాని మీదుగా షీత్ (పనిముట్లు లోపలికి వెళ్లే గొట్టం) ఎక్కిస్తారు. పని అయ్యాక షీత్ తీస్తే ధమని గోడకు రంధ్రం మిగులుతుంది. చేత్తో నొక్కిపెడితే పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ తర్వాత కాలు కదపకుండా గంటల తరబడి పడుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చిన రోగికి ఇంకా ఎక్కువ.

ఇక్కడే మొదటి తప్పు జరుగుతుంది. చాలామంది స్పెసిఫికేషన్‌లో (పరికరం వర్ణన, క్లెయిములు ఉండే పత్రం) ‘6 ఫ్రెంచ్ రంధ్రం’ అని రాసి ఊరుకుంటారు. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. షీత్ మీద ఉండే అంకె లోపలి వ్యాసానిది, అంటే 6 ఫ్రెంచ్ షీత్‌కు లోపల 2 మి.మీ. దాని గోడ మందం కలిస్తే బయటి వ్యాసం 2.6 మి.మీ. దాకా వస్తుంది, ధమనికి పడే రంధ్రం ఆ బయటి కొలతను బట్టి ఉంటుంది. ఏ వ్యాసమో చెప్పకపోతే ‘క్లెయిమ్ (దేని మీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యం) అస్పష్టం’ అనే అభ్యంతరం కొని తెచ్చుకున్నట్టే. కొలత మిల్లీమీటర్లలో రాసి, బయటిదో లోపలిదో ఆ పక్కనే చెప్పండి.

రంధ్రం మూసే పరికరాలు చాలా రకాలు. యాంజియో-సీల్ లాంటివి లోపల ఒక లంగరు, బయట కొలాజెన్ బిరడా పెట్టి మూస్తాయి. స్టార్‌క్లోజ్ నిటినాల్ అనే లోహపు క్లిప్పు వేస్తుంది. పర్‌క్లోజ్ ప్రోగ్లైడ్ దారంతో కుడుతుంది. దీని నడక తెలియకుండా కుట్టు పరికరం మీద దరఖాస్తు రాయవద్దు. గైడ్‌వైరు మీదుగా పరికరం ధమనిలోకి వెళ్తుంది. పక్క గొట్టంలోంచి రక్తం చిమ్మితే కొస ధమనిలో ఉన్నట్టు లెక్క. అప్పుడు మీట ఎత్తితే లోపల పాదం విచ్చుకుంటుంది. మెల్లగా వెనక్కి లాగితే పాదం ధమని ముందు గోడకు లోపలివైపు నుంచి ఆనుతుంది. ప్లంజరు నొక్కగానే రెండు సూదులు గోడను బయట నుంచి లోపలికి గుచ్చుకుని పాదం కొసల్లోని కప్పుల్లో దిగుతాయి. ప్లంజరు వెనక్కి లాగితే దారం బయటికొస్తుంది. మీట దించి పాదం మూసి, పరికరం తీసి, ముందే వేసి ఉన్న ముడిని తోసుడు కడ్డీతో ధమని దాకా దింపి బిగిస్తారు. దారం 3-0 పాలీప్రొపిలీన్, వ్యాసం 0.2 నుంచి 0.249 మి.మీ. 8 ఫ్రెంచ్ దాటిన రంధ్రాలకు ఒక్క పరికరం చాలదు, రెండింటిని ఒకదానికొకటి కోణంలో తిప్పి ముందుగానే దారాలు వేసి పెట్టుకుంటారు.

పని చెడే చోట్లు కూడా క్యాథ్ ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు కొట్టినపిండే. సున్నం పట్టిన గోడకు తగిలి సూది పక్కకు వంగుతుంది. పాదం గోడకు ఆనకముందే ప్లంజరు నొక్కితే సూది కప్పును తప్పిపోతుంది. పాత ఆపరేషన్ మచ్చ ఉన్న గజ్జల్లో ముడి కిందికి దిగదు. గుచ్చిన చోటు మరీ కిందికి, ధమని రెండుగా చీలే దగ్గరికి వస్తే పాదం పక్క కొమ్మలో ఇరుక్కుంటుంది. మీ పరికరం వీటిలో ఏ ఒక్కదానికి విరుగుడో తేల్చుకోండి. నాలుగింటికీ విరుగుడు అని రాసిన దరఖాస్తు ఒక్కదానికీ ఆధారం చూపలేక చిక్కుల్లో పడుతుంది.

ఒక ఊహా పరికరాన్ని ఉదాహరణగా పెట్టుకుందాం. పక్క గొట్టంలో చిమ్మే రక్తం పరికరం కొస ధమనిలో ఉందని చెబుతుంది కానీ పాదం గోడకు ఆనిందని చెప్పదు. అందుకని పాదాన్ని మోసే లోపలి కడ్డీకి పిడిలో ఒక స్ప్రింగు, దానితోపాటు జరిగే ఒక కాలరు పెట్టాం. వెనక్కి లాగినప్పుడు పాదం గోడకు ఆనితే కడ్డీ జారి, స్ప్రింగు నొక్కుకుని, కాలరు జరిగి ప్లంజరు దారి వదులుతుంది. ఆనకపోతే ప్లంజరు కదలదు.

వెతుకులాట

పని మొదలుపెట్టకముందే పాత పేటెంట్లు చూడండి. మన పేటెంట్ ఆఫీసు వారి ఇన్‌పాస్, ఐరోపా పేటెంట్ ఆఫీసు వారి ఎస్పాస్‌నెట్, గూగుల్ పేటెంట్స్, వైపో (ప్రపంచ మేధోసంపత్తి సంస్థ) వారి పేటెంట్‌స్కోప్ అన్నీ ఉచితం. మాటలతో వెతికితే సగం కూడా దొరకవు, ఎందుకంటే ఒకరు పాదం అన్నదాన్ని ఇంకొకరు లంగరు అంటారు, మరొకరు రెక్క అంటారు. వర్గీకరణ సంఖ్యతో వెతకండి. రక్తనాళపు రంధ్రం మూసేవాటికి ఏ61బీ 17/0057, చిన్న కోతతో కుట్టే పనిముట్లకు ఏ61బీ 17/0469, రెండు సూదులున్నవాటికి ఏ61బీ 2017/0472, ముడి తోసే కడ్డీలకు ఏ61బీ 2017/0474. ఎగ్జామినర్ వెతికేది కూడా ఇవే సంఖ్యల్లో.

రెండు అమెరికా పేటెంట్లు తప్పకుండా చదవాలి. 1995లో వచ్చిన 5,417,699లో సూదులు ముందే ధమని లోపలికి వెళ్లి, గోడను లోపల నుంచి బయటికి గుచ్చుతాయి. 2000లో వచ్చిన 6,136,010లో పాదం, కప్పులు ఉంటాయి, సూదులు బయట నుంచి లోపలికి వస్తాయి. ఈ రెండింటి గడువూ తీరిపోయింది కాబట్టి వాటిలో ఉన్నది ఎవరైనా వాడుకోవచ్చు. కానీ గడువు తీరినా పాత జ్ఞానంగా (ముందే లోకానికి తెలిసిన విషయంగా) అవి బతికే ఉంటాయి, మీ కొత్తదనాన్ని కొట్టేయడానికి పనికొస్తాయి. ‘పేటెంట్ చచ్చిపోయింది కదా’ అన్న ధీమా పరీక్షలో చెల్లదు.

వెతికినవి ఒక పట్టికలో పెట్టండి. ఎడమవైపు మీ పరికరం భాగాలు ఒక్కొక్క వరుసలో, పైన ఒక్కో పాత పత్రం. ఉందా, లేదా, ఉంటే ఏ పేరాలో, ఏ బొమ్మలో అన్నది ప్రతి గడిలో రాయండి. ఈ పట్టికే తర్వాత క్లెయిమ్‌కూ, ఎగ్జామినర్‌కు ఇచ్చే జవాబుకూ వెన్నెముక.

ఫైల్ చేయకముందు ఎవరికీ చూపవద్దు

పీజీ థీసిస్ లైబ్రరీలో చేరినా, కాన్ఫరెన్స్‌లో పోస్టరు పెట్టినా, యూట్యూబ్‌లో వీడియో వేసినా కొత్తదనం పోతుంది. పేటెంట్ల చట్టం సెక్షన్ 31 కింద 12 నెలల వెసులుబాటు ఉంది కానీ అది ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకు, విద్వత్సభలో చదివిన పత్రాలకు, అలాంటి కొద్ది సందర్భాలకే. జనం మధ్య వాడి చూడక తప్పని పరికరాలకు సెక్షన్ 32 ఏడాది లోపు పరీక్షను ఒప్పుకుంటుంది, కానీ ‘తప్పనిసరి’ అని నిరూపించాల్సింది మీరే. వాటి మీద ఆధారపడవద్దు. పోస్టరు వేయాల్సిన తేదీ దగ్గరపడితే ముందు ప్రొవిజనల్ (తేదీ దక్కించుకోవడానికి వేసే తాత్కాలిక స్పెసిఫికేషన్) దాఖలు చేసి తర్వాత వెళ్లండి. పరికరాల కంపెనీ ప్రతినిధికి చూపేముందు, ఆటోనగర్‌లో లేత్ మీద భాగాలు చేయించేముందు, ఒక పేజీ గోప్యత ఒప్పందం మీద సంతకం తీసుకోండి. లేత్ పనిచేసే ఆయన కాలరు గాడిని మార్చి మీకు దారి చూపిస్తే ఆయన కూడా ఆవిష్కర్తే, ఫారం 1లో ఆయన పేరు ఉండాలి. ‘ఇలాంటిది ఉంటే బావుండు’ అని మాత్రమే అన్న డాక్టరు ఆవిష్కర్త కాదు.

సెక్షన్ 3(ఐ)ను ముందే తప్పించుకోవాలి

మనిషికి చేసే శస్త్రచికిత్స, చికిత్స, రోగనిర్ధారణ పద్ధతులు మన చట్టంలో ఆవిష్కరణలే కావు. డాక్టర్లు రాసిన దరఖాస్తులు ఇక్కడే ఎక్కువగా తగులుకుంటాయి, ఎందుకంటే వాళ్లకు పరికరం కంటే ప్రక్రియ ముందు గుర్తొస్తుంది. ‘ధమని రంధ్రాన్ని మూసే పద్ధతి, పరికరాన్ని ధమనిలోకి పంపడం, పాదం తెరవడం, సూదులు నెట్టడం, ముడి బిగించడం దాని మెట్లు’ అని రాస్తే ఎంత కొత్తదైనా నిలవదు. తర్వాత దాన్ని పరికరం క్లెయిమ్‌గా మార్చుకుందామంటే సెక్షన్ 59 అడ్డొస్తుంది. సవరించిన క్లెయిమ్ పాత క్లెయిమ్ పరిధి దాటకూడదు. పద్ధతి నుంచి పరికరానికి మారడం పరిధి దాటడమే అని కంట్రోలర్ (దరఖాస్తు మీద నిర్ణయం తీసుకునే అధికారి) అంటే వాదించి గెలవడం కష్టం. కాబట్టి మొదటి క్లెయిమ్ మొదటి రోజు నుంచే పరికరం మీద ఉండాలి. అమెరికాలో పద్ధతి క్లెయిమ్ తీసుకోవచ్చు, అక్కడికి వెళ్లే ఉద్దేశం ఉంటే వర్ణనలో మెట్లన్నీ రాసి పెట్టుకోండి.

ఇంకో చిక్కు దాక్కుని ఉంటుంది. పరికరం క్లెయిమ్ లోపలే డాక్టరు చేసే పనులు దూర్చడం. ‘డాక్టరు పరికరాన్ని వెనక్కి లాగి, పాదం ఆనిందని నిర్ధారించుకుని, ప్లంజరు నొక్కుతారు’ అన్న వాక్యం క్లెయిమ్‌లో ఉంటే అది పరికరాన్ని నిర్వచించదు. ఆ పనిని సాధ్యం చేసే భాగాన్ని, దాని స్థానాన్ని, మరో భాగంతో దానికున్న బంధాన్ని రాయాలి.

క్లెయిమ్ రాసే తీరు

దాఖలు చేసేది ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉండాలి, తెలుగు తీసుకోరు. భావం పట్టుబడటానికి ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం. మన ఉదాహరణకు మొదటి క్లెయిమ్ ఇలా ఉంటుంది:

‘రక్తనాళపు రంధ్రాన్ని కుట్టే పరికరం (10). ఇందులో పిడి (12). పిడి నుంచి ముందుకు సాగే గొట్టం (14). గొట్టంలో జారగల లోపలి కడ్డీ (15). ఆ కడ్డీ కొసన విచ్చుకునే పాదం (16), పాదం రెండు కొసల్లో దారపు కప్పులు (18). గొట్టంలో జారే రెండు సూదులు (20), వాటిని నెట్టే ప్లంజరు (22) ఉంటాయి. పిడికీ లోపలి కడ్డీకీ మధ్య స్ప్రింగు (24), కడ్డీతోపాటు జరిగే కాలరు (26) ఉండటం, మొదటి స్థానంలో కాలరు ప్లంజరు గాడికి (28) అడ్డుగా నిలవడం, పాదం మీద వెనక్కి లాగే బలం నిర్ణీత స్థాయి దాటినప్పుడు మాత్రమే రెండో స్థానానికి జరిగి గాడిని విడవడం దీని విశేష లక్షణం.’

ముందు సగంలో పాత పేటెంట్లలో ఉన్నవి, రెండో సగంలో మనవి. ఇలా విడదీసి రాయడం ఇక్కడి ఎగ్జామినర్లకు అలవాటు, బొమ్మల అంకెలు కుండలీకరణాల్లో ఇవ్వాలన్నది నిబంధన. ‘గోడకు ఆనిందని గుర్తించే సాధనం’ అని మాత్రమే రాస్తే పని చెప్పినట్టు, నిర్మాణం చెప్పనట్టు. అలాంటి క్లెయిమ్ ఎంత విశాలంగా కనబడినా మొదటి దెబ్బకే కూలుతుంది.

దీని కింద ఆధారపడిన క్లెయిములు మెట్లుగా దిగాలి. మొదటి క్లెయిమ్ పడిపోతే నిలబడటానికి అవే చోటు. స్ప్రింగు బిగువును మార్చుకునే మర ఒక మెట్టు. కాలరు జరిగినప్పుడు పిడి మీది కిటికీలో రంగు కనబడటం ఇంకో మెట్టు. ఒకసారి వాడాక కాలరు తిరిగి అడ్డుపడి, పరికరాన్ని రెండోసారి వాడనివ్వకపోవడం మరో మెట్టు. ప్రతి మెట్టుకూ వేరే సాంకేతిక ప్రయోజనం ఉండాలి. ‘దారం 3-0 పాలీప్రొపిలీన్’ అనే మెట్టు వల్ల ఒరిగేది ఏమీ లేదు, అది పాతదే. పది క్లెయిముల దాకా అదనపు ఫీజు లేదు, ఈ రంగంలో పది చాలు.

ముడి తోసే కడ్డీకి ఒక కత్తెర తగిలించి దాన్ని కూడా క్లెయిమ్ చేయాలనే కోరిక చాలామందికి ఉంటుంది. అప్పుడు సెక్షన్ 3(ఎఫ్) వస్తుంది. తెలిసిన పనిముట్లను పక్కపక్కన చేర్చి, ఒక్కొక్కటి దాని పని అది చేసుకుంటుంటే అది ఆవిష్కరణ కాదు. చేతికర్రకు టార్చిలైటు కట్టినట్టన్నమాట. ముడి ధమని మీద బిగుసుకుంటేనే కత్తెర తెరుచుకునేలా రెండింటికీ లంకె ఉంటే అప్పుడు వాదించడానికి బలం ఉంటుంది. ఆ లంకె స్ప్రింగు-కాలరు ఆలోచనతో సంబంధం లేనిదైతే ఒకే దరఖాస్తులో రెండు ఆవిష్కరణలు ఉన్నాయని అభ్యంతరం వస్తుంది. రెండోదాన్ని సెక్షన్ 16 కింద విడిగా వేసుకోవచ్చు, కాకపోతే మొదటిది మంజూరు కాకముందే వేయాలి.

వర్ణనలో ఏం ఉండాలి

సెక్షన్ 10(4) ప్రకారం పరికరాన్ని పూర్తిగా, చేసి చూపగలిగేంత వివరంగా, మీకు తెలిసిన అతి మంచి విధానంతో సహా చెప్పాలి. మన ఉదాహరణలో తెలివైన కంట్రోలర్ అడిగే ప్రశ్న ఒకటుంది. లోపలి కడ్డీ జారితే పాదం కూడా జరుగుతుంది, అప్పుడు సూది మొనకూ కప్పుకూ మధ్య దూరం మారదా? మారితే కొత్త తాళమే సూది తప్పిపోవడానికి కారణమవుతుంది. ప్లంజరు ఆగే మెట్టును కూడా కాలరు మీదే పెట్టాం కాబట్టి పాదం ఎంత జరిగితే మెట్టు అంతే జరుగుతుంది, సూది ప్రయాణం పాదంతో పోలిస్తే మారదు. ఈ ఒక్క వాక్యం మొదటిరోజు కాగితంలో లేకపోతే హియరింగ్‌లో నోటితో చెప్పి లాభం లేదు. మీ పరికరంలో ఇలాంటి ప్రశ్న ఎక్కడుందో మీరే వెతుక్కుని జవాబు రాసుకోండి.

బల్ల మీద చేసే పరీక్షకు పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. మటన్ కొట్టులో పొట్టేలు బృహద్ధమని అడిగి తెచ్చుకుని, సెలైన్‌లో చల్లగా ఉంచి, అదే రోజు వాడండి. ఒక కొస కట్టేసి, రెండో కొసకు సెలైన్ గొట్టం బిగించండి. 120 మి.మీ. పాదరసం ఒత్తిడి రావాలంటే బాటిల్లో సెలైన్ మట్టం రంధ్రానికి 163 సెం.మీ. ఎత్తున ఉండాలి. మామూలు సెలైన్ స్టాండ్ దగ్గర బల్ల మీద పెడితే అంత ఎత్తు దొరకదు, నాళాన్ని నేలమీద ట్రేలో ఉంచి బాటిల్‌ను పైన కట్టండి. మట్టం 10 సెం.మీ. తగ్గితే ఒత్తిడి 7 మి.మీ. పైచిలుకు పడిపోతుంది, కాబట్టి మట్టం చూసుకుంటూ ఉండాలి. నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు కారిందో కొలపాత్రలో పట్టి రాయండి.

పోలిక సరిగ్గా ఉండాలి. రంధ్రం కొలత, దారం, పనిచేసే చెయ్యి ఒకటే. మారేది కాలరు ఒక్కటే: ఒక వరుస కాలరుతో, ఒక వరుస కాలరు తీసేసి. రెండింటిలోనూ కొన్నిసార్లు పాదాన్ని కావాలని గోడకు ఎడంగా ఉంచి ప్లంజరు నొక్కి చూడండి. సూది కప్పును ఎన్నిసార్లు తప్పింది, ఎంత బలానికి కాలరు వదిలింది, ఎంత కారింది అన్నవి పట్టికగా పెట్టండి. విఫలమైనవి కూడా రాయాలి. బృహద్ధమని గోడలో సాగే పొర ఎక్కువ, తొడ ధమనిలో కండర పొర ఎక్కువ, కాబట్టి బలం అంకె మనిషికి అదే రాదని కూడా రాసి, మార్చుకునే మర ఎందుకు పెట్టారో అక్కడే చెప్పండి. అలా రాస్తే లోపం కూడా ఒక ఆధారపడిన క్లెయిమ్‌కు ఆధారమవుతుంది.

సంగ్రహం 150 మాటలు దాటకూడదు, శీర్షిక 15 మాటల లోపు ఉండాలి. బొమ్మల్లో పాదం మూసినప్పుడు, తెరిచినప్పుడు, కాలరు మొదటి స్థానంలో, రెండో స్థానంలో విడివిడిగా కోతబొమ్మలు ఉండాలి.

దాఖలు, ఫీజు, తేదీలు

ఆంధ్రప్రదేశ్ చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తుంది. ఆఫీసు గిండీలో ఉంది, నెల్లూరు నుంచి పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి పని చూసుకోవచ్చు. కానీ వెళ్లాల్సిన అవసరం దాదాపు ఉండదు. దాఖలు ఆన్‌లైన్‌లో, డిజిటల్ సంతకంతో జరుగుతుంది, పరీక్షించే ఎగ్జామినర్ దేశంలో నాలుగు ఆఫీసుల్లో ఎక్కడైనా ఉండవచ్చు.

వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు, విద్యాసంస్థలకు ఆన్‌లైన్ దాఖలు రుసుము ₹1,600, ఇతరులకు ₹8,000. ఇందులో 30 పేజీలు, 10 క్లెయిములు వస్తాయి, తక్కువ రుసుము వర్గానికి ఆ పైన పేజీకి ₹160, క్లెయిమ్‌కు ₹320. స్టార్టప్, చిన్న సంస్థ, విద్యాసంస్థ అయితే ఫారం 28 జత చేయాలి. ప్రొవిజనల్ వేస్తే 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ రావాలి. ప్రొవిజనల్‌లో స్ప్రింగు ప్రస్తావన లేకపోతే స్ప్రింగుకు ఆ తేదీ దక్కదు.

పరీక్ష దానంతటది జరగదు, ఫారం 18తో అడగాలి. రుసుము ₹4,000, ఇతరులకు ₹20,000. 2024 మార్చి 15 నుంచి వేసిన దరఖాస్తులకు ఈ గడువు ప్రాధాన్య తేదీ (మొట్టమొదట దాఖలు చేసిన తేదీ) నుంచి 31 నెలలు. ముందు 48 ఉండేది, పాత లెక్కలో ఉండి పోగొట్టుకోవద్దు. తొందరగా కావాలంటే ఫారం 18ఏ, వ్యక్తులకు ₹8,000. స్టార్టప్‌లు, చిన్న సంస్థలు, దరఖాస్తుదారుల్లో ఒక మహిళ ఉన్నవాళ్లు దీనికి అర్హులు. ఫారం 9తో ముందుగా ప్రచురణ కూడా అడిగితేనే ఈ తొందర పనిచేస్తుంది, ఎందుకంటే ప్రచురణ మామూలుగా 18 నెలలకు గానీ రాదు, ప్రచురించాక ఆరు నెలలు గడవనిదే మంజూరు ఉండదు.

విదేశాల్లో ముందు వేయాలంటే ఫారం 25తో అనుమతి తీసుకోవాలి, లేదా ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి. ఇది మరిచిపోయి అమెరికాలో ముందు వేస్తే సెక్షన్ 39ను మీరినట్టయి సెక్షన్ 40 కింద ఇక్కడి హక్కే పోతుంది, శిక్ష కూడా ఉంది.

ఎగ్జామినేషన్ రిపోర్ట్ వచ్చాక

మొదటి పరీక్షా నివేదికను ఎఫ్‌ఈఆర్ అంటారు. ఈమెయిల్‌కు వస్తుంది. గడువు అది జారీ అయిన తేదీ నుంచి ఆరు నెలలు, మీరు తెరిచి చూసిన తేదీ నుంచి కాదు. నెలకోసారి ఇన్‌పాస్‌లో స్థితి చూసుకోవడం అలవాటు చేసుకోండి. ఆరు నెలలు ముగిసేలోపు ఫారం 4 వేస్తే ఇంకో మూడు నెలలు దొరుకుతాయి. జవాబు లేకపోతే సెక్షన్ 21 కింద దరఖాస్తు వదిలేసినట్టు లెక్క. విదేశీ దరఖాస్తులుంటే ఎఫ్‌ఈఆర్ వచ్చిన మూడు నెలల్లో ఫారం 3 మళ్లీ ఇవ్వాలి, దీన్ని జవాబుతో కలిపి ఆలస్యం చేస్తున్నవాళ్లు చాలామంది.

నివేదికలో మొదట సారాంశపు పట్టిక, తర్వాత సాంకేతిక అభ్యంతరాలు, ఆ తర్వాత ఫార్మల్ లోపాలు ఉంటాయి. పట్టికను చూసి బెదరక్కర్లేదు. రెండో భాగంలో డీ1, డీ2, డీ3 అని పేర్కొన్న పత్రాలను తెచ్చుకుని, ఎగ్జామినర్ చెప్పిన పేరాలను మీరే చదవండి. మన పరికరానికి డీ1గా 6,136,010, డీ2గా 5,417,699, డీ3గా లాప్రోస్కోపీ స్టేప్లర్‌లోని ఏదో ఒక తాళం వస్తాయని అనుకుందాం. ‘డీ1లో పాదం, సూదులు, కప్పులు ఉన్నాయి, డీ3లో తాళం ఉంది, రెండూ కలిపితే సరి’ అన్నది అభ్యంతరం.

దీనికి ‘డీ1లో తాళం లేదు, డీ3లో పాదం లేదు’ అని విడివిడిగా జవాబిస్తే చెల్లదు, ఆయన ఎత్తి చూపింది కలయికను. ‘డీ3 వేరే రంగం’ అనడం కూడా బలహీనమే, రెండూ శస్త్రచికిత్స పనిముట్లే. అసలు జవాబు మూడు మెట్లలో ఉంటుంది. ఒకటి, పట్టిక తీసి, డీ1 నుంచి మన క్లెయిమ్‌లో తేడా ఏమిటో కచ్చితంగా చెప్పండి: కడ్డీకి జోడించిన కాలరు, లాగుడు బలానికి మాత్రమే స్పందించడం. రెండు, ఆ తేడా వల్ల వచ్చే ఫలితాన్ని మీ బల్ల పరీక్ష పట్టికతో చూపండి. మూడు, ఆ ఫలితం కోసం వెతికే నిపుణుడు డీ3 దగ్గరికి వెళ్లినా ఎందుకు ఆగిపోతాడో చెప్పండి. స్టేప్లర్ తాళం దవడల మధ్య కండ మందానికి, అంటే నొక్కుడుకు స్పందిస్తుంది. దాన్ని డీ1లో యథాతథంగా పెడితే పాదానికీ గొట్టానికీ మధ్య నొక్కడానికి ఏమీ ఉండదు. లాగుడుకు స్పందించేలా మార్చాలంటే కడ్డీ జారాలి, కడ్డీ జారితే సూది దూరం మారుతుంది, ఆ చిక్కును విప్పే మెట్టు డీ1లో గానీ డీ3లో గానీ లేదు. ఈ మూడో మెట్టే దరఖాస్తును నిలబెడుతుంది, వర్ణనలో ప్లంజరు మెట్టు గురించి ముందే రాయమన్నది ఇందుకే.

1978లో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో సుప్రీంకోర్టు, వర్క్‌షాపులో మామూలుగా చేసే మెరుగుదల పేటెంటుకు చాలదని చెప్పింది. ఎగ్జామినర్లు దీన్ని తరచూ ఎత్తి చూపుతారు. మరోవైపు 2022లో అగ్రిబోర్డ్ కేసులో ఢిల్లీ హైకోర్టు, ఆవిష్కరణ మెట్టు (నిపుణుడికి తేలిగ్గా తట్టని ముందడుగు) లేదని తిరస్కరించేటప్పుడు పాత జ్ఞానం ఏమిటో, దరఖాస్తులో ఉన్నదేమిటో, ఒకదాని నుంచి ఇంకొకటి ఎలా తేలిగ్గా తడుతుందో కంట్రోలర్ విడమరిచి చెప్పాలంది. మీ ఎఫ్‌ఈఆర్‌లో ఆ మూడో ముక్క లేకపోతే మర్యాదగా ఎత్తి చూపండి, కానీ దాన్నే మొత్తం జవాబుగా పెట్టుకోవద్దు.

క్లెయిమ్ సవరించాల్సి వస్తే ఆధారపడిన క్లెయిముల్లో ఒకదాన్ని మొదటి క్లెయిమ్‌లోకి ఎక్కించండి. ప్రతి మార్పుకూ వర్ణనలో ఏ పేజీ, ఏ వరుస ఆధారమో చూపండి. మార్పులు కనబడేలా ఒక ప్రతి, శుభ్రమైన ప్రతి ఒకటి, రెండూ ఇవ్వాలి. కొత్త పరీక్ష ఫలితాలను అఫిడవిట్‌గా ఇవ్వవచ్చు, అవి ముందే రాసిన ప్రయోజనానికి బలమిస్తాయి. రాయని ప్రయోజనాన్ని పుట్టించలేవు.

హియరింగ్

జవాబుతో తృప్తి చెందకపోతే కంట్రోలర్ హియరింగ్‌కు పిలుస్తారు. ఎక్కువగా వీడియోలోనే ఉంటుంది. వాయిదా కావాలంటే కనీసం మూడు రోజుల ముందు రుసుముతో అడగాలి, రెండు వాయిదాలకు మించి ఇవ్వరు. చేతిలో పట్టేంత చిన్న యంత్రంలో రెండు మి.మీ. జరిగే కాలరును మాటలతో అర్థం చేయించలేం. అయిదు రెట్లు పెద్దగా 3డీ ప్రింటులో ఒక నమూనా చేయించి, కెమెరా ముందు లాగి, వదిలి, ప్లంజరు నొక్కి చూపండి. కరెంటు పోతే మాట ఆగకుండా ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి. నోటీసులో మిగిలి ఉన్న అభ్యంతరాల వరుసలోనే మాట్లాడండి. అక్కడ చెప్పినదంతా 15 రోజుల్లో రాతపూర్వకంగా దాఖలు చేయాలి, ఉత్తర్వు ఆ కాగితం మీద వస్తుంది.

తిరస్కరిస్తే నెలలోపు ఫారం 24తో పునఃపరిశీలన అడగవచ్చు, లేదా మూడు నెలల్లో మద్రాసు హైకోర్టులో అప్పీలు వేయవచ్చు. కంట్రోలర్ ఎక్కడ కూర్చున్నా, దరఖాస్తు చెన్నైది కాబట్టి అప్పీలు చెన్నైలోనే.

మంజూరైతే హక్కు దాఖలు తేదీ నుంచి ఇరవై ఏళ్లు. అప్పటికే మూడో ఏడు మొదలైతే పేరుకున్న రెన్యువల్ ఫీజులు రిజిస్టరులో నమోదైన మూడు నెలల్లో కట్టాలి. మంజూరు ప్రచురించాక ఏడాదిపాటు ఆ విషయంలో ప్రయోజనం ఉన్నవాళ్లు ఎవరైనా వ్యతిరేకత దాఖలు చేయవచ్చు. పరికరాన్ని వాడకంలోకి తెచ్చారో లేదో ఫారం 27లో మూడు ఆర్థిక సంవత్సరాలకోసారి చెప్పాలి. రోగి మీద వాడటానికి కావలసిన అనుమతి వేరు, అది 2017 వైద్య పరికరాల నిబంధనల కింద తీసుకోవాలి, పేటెంట్ పత్రం దానికి బదులు కాదు.